మన తరఫున కొట్టేవాడు

నూలు డిపో అధికారిని రామలింగం కొట్టిన చెంపదెబ్బ నేను ఈ చెవులతోనే విన్నాను. ఆ చప్పుడుకు కొత్తవాడలో మగ్గాలన్నీ ఒక్క క్షణం ఆగాయి. వర్ధన్నపేట రోడ్డు మీద పోతున్న ఎడ్లబండి ఒకటి, బండివాడు చెప్పకుండానే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రామలింగమే ఎనభయ్యో సంవత్సరం మొదట్లో పార్లమెంటు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఆయన సభ కోసం మైదానంలో జంపఖానాలు పరుస్తున్నాం, గట్టయ్యా నేనూ.

గట్టయ్య పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవడంతో మోకాళ్ళు పూర్తిగా సాగవు. నడుస్తున్నా కూర్చున్నట్టే ఉంటాడు. నూలు దొరక్క మగ్గం మూలపడ్డాక నేను పనిచేసే ముక్తార్ టెంట్ హౌజ్‌లో చేరాడు. ఒకప్పుడు తాను నేసిన జంపఖానాల్నే ఇప్పుడు పరుస్తాడు, చుడతాడు. తన చేతి నేత కనబడితే బొటనవేలితో అంచును ఒకసారి రుద్ది ఊరుకుంటాడు.

ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కించడానికి ఒక పద్ధతి ఉంది. జనం వచ్చే వైపుది పైన ఉండాలి, లోపలిది కింద ఉండాలి. అప్పుడు వచ్చేవాళ్ళ కాలికి అంచు తగలదు. వేదిక దగ్గర నుంచి గేటు దాకా గట్టయ్య అలాగే పరుచుకుంటూ వచ్చాడు.

"గట్టయ్యా, జర జల్ది కానీ. అన్నం తినంగనే జనం మొదలైతరు," అని ముక్తార్ కేకేశాడు.

"అయితాంది సేఠ్."

నడుము నిలబెట్టుకుని గట్టయ్య నాతో మెల్లగా అన్నాడు. "ఇయ్యాల రామలింగం సారుకు ఒక్క మాట జెప్పుకుంటనే."

ఆ మాటేమిటో నాకు తెలుసు. అతని భార్య కట్టమ్మ దగ్గుతో, జ్వరంతో దవాఖానాలో ఉంది. లోపల మంచం ఖాళీ లేదని వరండాలో కింద పడుకోబెట్టారు. చలికాలం, బండల నేల. ఎవరన్నా పెద్దమనిషితో చెప్పిస్తే మంచం దొరుకుతుందని అక్కడి మనిషొకడు చెప్పాడు.

"మొన్న పంతులు మీటింగుకు గూడ మనమే పరిస్తిమి గదా. ఆయనకు జెప్తే అయిపోతుండె," అన్నాను. రామలింగం మీద పోటీ చేస్తున్నది ఒక రిటైరైన పంతులు.

"చెప్పిన. పాపం, కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు. నా చెయ్యి వట్టుకున్నడు." గట్టయ్య ఇంకో జంపఖానా కొస అందుకున్నాడు. "ఏడ్సెటోళ్ళు నా ఇంట్ల లేరానే? మన దిక్కుకెల్లి కొట్టెటోడు గావాలె. ఈయన పోయి గుడ్లురిమితే డాక్టరు తన మంచమే ఇడిసిపెడ్తడు."

ఇక్కడ నా చెవుల సంగతి చెప్పేస్తాను. రామలింగం ఆ అధికారిని కొట్టిన రోజు నేను వర్ధన్నపేటలో మా మేనకోడలి ఇంట్లో చేపల పులుసు తిని నిద్రపోతున్నాను. ఎడ్లబండి తిరిగిందో లేదో ఎడ్లకే తెలియాలి. నేనొక్కణ్ణే కాదు. కళ్ళారా చూశామని ఒట్టేసిన వాళ్ళందరూ నిజంగా అక్కడుంటే ఆ డిపో గోడలు పగిలేవి. ఆ దెబ్బకు నూలు వచ్చిందా అంటే, రాలేదు. దెబ్బ మాత్రం అందరికీ వచ్చింది. ఇంటింటికీ తలా ఇంత పంచుకున్నాం. ఆఫీసు గుమ్మాల ముందు చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళకు అది పండుగ పూట కూర వంటిది. గట్టయ్య వాటాకు కొంచెం ఎక్కువే పడినట్టుంది.

పొద్దు వాలుతుండగా రామలింగం వచ్చాడు. మెడ లావు, చేతులు లావు. వేదిక వెనక నుంచి ఎక్కాడు. "ఎవడడ్డమొస్తడో సూస్త," అన్నాడు. అంతకుమించి ఏం మాట్లాడాడో నాకు గుర్తు లేదు, జనానికీ అక్కర్లేకపోయింది. చప్పట్లు ఆగకపోయేసరికి ఉషారెక్కి, వేదిక దిగి జనం మధ్యలోకి నడిచాడు. వేదిక వైపు నుంచి గేటు వైపుకు. మేం పరిచింది అటు నుంచి నడిచేవాళ్ళ కోసం కాదు.

మొదటి అంచుకే కాలు తట్టుకుంది. అంత మనిషీ అందరి ముందు మోకాలి మీద పడ్డాడు.

లేచి దులుపుకున్నాడు. "ఎవడు పరిచిండురా?"

గట్టయ్య గబగబా ముందుకు పోయాడు. ఆయనే అడిగాడు, ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాడు కాబోలు. చేతులు జోడించాడు. "నేనే అయ్యా. దవాఖానల మా ఇంటామె..."

ఈ దెబ్బ మాత్రం నేను నిజంగా విన్నాను. పెద్ద చప్పుడేం కాలేదు. తడిబట్టను ఒకసారి బండకు వేసినట్టయింది. వెనక కూర్చున్నవాళ్ళకు ఎవర్ని కొట్టాడో తెలియలేదు. చప్పట్లు కొట్టారు.

జనం పోయాక మైదానమంతా చుట్టాం. గట్టయ్య ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. నాకు కోపం ఆగలేదు.

"ఓటు ఇంకెవలికన్న ఎయ్యి గట్టన్నా."

అతను జంపఖానా చుట్టను మోకాలితో బిగించాడు. "ఎందుకే? నాసొంటోని మీదనే గింత జోరు జూపెటోడు, ఆ డాక్టరు మీద ఎంత జూపుతడు?"

అక్కణ్ణుంచి ఇద్దరం దవాఖానాకు పోయాం. కట్టమ్మ మా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచింది.

"జెప్పినవా?"

"చెప్పిన. రేపు పొద్దుగాల మంచమిస్తరు."

"తలకిందికి మెత్త గూడ ఇస్తరా?"

"మెత్తెందుకియ్యరు, ఆయన జెప్పినంక," అన్నాడు గట్టయ్య, చెంప కనబడకుండా పక్కకు తిరిగి. ఆమె నవ్వి గోడ వైపు ఒత్తిగిలింది. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

పోలింగు నాడు గట్టయ్య గుండుతో వరసలో నిలబడ్డాడు. వేలి మీద సిరా ఆరేదాకా ఊదుకుంటూ బయటికొచ్చి, ఎవరూ అడక్కముందే రామలింగానికే వేశానన్నాడు. రామలింగం గెలిచాడు.

ఇందులో ఒకటి నేను కల్పించాను. ఓటు కాదు, దెబ్బ కాదు, అవి జరిగాయి. కట్టమ్మ మాటలు కల్పించాను. మెత్త అడగడం, నవ్వడం, తెల్లవారేదాకా ఉండడం, అన్నీ నావే. జంపఖానాలన్నీ చుట్టి, లారీకెత్తి మేం పోయేసరికి వరండాలో ఆమె పడుకున్న చోటు కడిగేసి ఉంది. బండలు ఇంకా ఆరలేదు. గోడవారన ఆమె సత్తుగిన్నె ఒక్కటి మిగిలింది. గట్టయ్య మూత తీసి చూశాడు. గంజి గిన్నె నిండా అలాగే ఉంది, పైన పలుచగా పొర కట్టి.