రెండు చేతుల పెద్దరికం

పెద్దయ్యగారిని పెళ్ళాడి వచ్చిన మొదటి వారంలోనే అమ్మగారికి ఒక సంగతి బోధపడింది. తన భర్త దేవుడికి భయపడతాడు, మంచి పాస్టరు, ఇంట్లో గొంతు పెంచడు. కాని గంటయ్యగారు తనకంటే ఒక్క అడుగు ముందు నడిచారంటే మాత్రం ఆ పూట ముద్ద దిగదు.

గంటయ్యగారు పక్క వీధి చర్చికి పాస్టరు. ఆ చర్చికి చెవులు చిల్లులు పడేంత గంట ఉండడంతో ఆయనకా పేరు వచ్చింది. ఇద్దరికీ పాస్టర్లుగా అభిషేకం ఒకే రోజు, ఒకే బిషప్పు చేతుల మీదుగా జరిగింది. ఒక పనికి రెండు ప్రార్థనలెందుకు అనుకున్నాడో ఏమో ఆ ముసలి బిషప్పు, ఇద్దరినీ పక్కపక్కన మోకరించమని, కుడిచెయ్యి ఒకరి తల మీద, ఎడమచెయ్యి ఇంకొకరి తల మీద ఒకేసారి పెట్టేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ తగవుకి విత్తనం అక్కడ పడింది. నా మీద పడింది కుడిచెయ్యి, కుడి తర్వాతే కదా ఎడమ అంటారు పెద్దయ్యగారు. బిషప్పుది ఎడమచేతి వాటం, కాబట్టి ముందు వాలింది ఎడమేనంటారు గంటయ్యగారు. ఆయన దగ్గర ఫొటో కూడా ఉంది. అందులో ఎడమచెయ్యి తలని తాకింది, కుడిచెయ్యి ఇంకా బెత్తెడు ఎత్తులో ఉంది. బిషప్పు అప్పుడు ఈగని తోలుతున్నాడని పెద్దయ్యగారి వివరణ. ఇద్దరూ ఒకరినొకరు ‘తమ్ముడూ’ అనే పిలుచుకుంటారు. ‘అన్నా’ అనే పిలుపు ఇటు నుంచి అటు గాని, అటు నుంచి ఇటు గాని ఎన్నడూ పోలేదు.

ఇలా ఉండగా, ఈ మధ్యే అభిషేకమైన ఒక చిన్నపాస్టరుని పోలీసులు పట్టుకెళ్ళారు. మంచాన పడ్డ ఒక ముసలమ్మ ఇంట్లో అతను ప్రార్థన చేశాడు. అనుమతి లేకుండా ఐదుగురికి మించి ఇంట్లో చేరి ప్రార్థించకూడదని ఆ ఏడే కొత్తగా ఉత్తర్వు వచ్చింది. తలలు లెక్కపెడితే ఆరు తేలాయి. ఆరో తల ఆ ముసలమ్మదే. ఆవిడ కాసేపు బయటికి వెళ్ళి ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయేదని ఇన్‌స్పెక్టరు ఎంతో న్యాయంగా చెప్పాడు. అసలితను పాస్టరే కాదు, వేషగాడని కూడా కేసులో రాశారు.

పదకొండు రోజులుగా అతను లోపలే ఉన్నాడు. అతని భార్య రోజూ వచ్చి అమ్మగారి వంటింట్లో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. ఇద్దరున్న ఇంట్లో అంత చిక్కుడుకాయ ఎవరు తింటారు? అయినా అమ్మగారు రోజూ కొని ఉంచేది.

సోమవారం విచారణ. పన్నెండు చర్చిల పెద్దలూ కలిసి, ఇతను మా పాస్టరే, రోగి పక్కన ప్రార్థన చేయడం మా ధర్మం, ఇతన్ని పట్టుకోవడం అన్యాయం అని సంతకాలు చేసి కోర్టుకీ, పత్రికలకీ ఇస్తే బెయిలు ఖాయమన్నాడు లాయరు. లేదంటే మూడు నెలల మాటే. పత్రం శుక్రవారానికల్లా తయారైంది. కాని పెద్ద సంతకం పడందే చిన్న సంతకం పడకూడదని ఆ చర్చిల సంఘంలో ఆచారం.

ఆ శుక్రవారమే పెద్దయ్యగారికి పెద్ద ఆఫీసరు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఎంత మర్యాద అని. మీకు నడుం నొప్పని విన్నాను, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. అన్నట్టు మీ చర్చి పైకప్పు మరమ్మతు ఫైలు నా బల్ల మీదే ఉంది అని కూడా అన్నాడు. పెద్దయ్యగారికి అంతవరకూ నడుం నొప్పి లేదు. ఫోను పెట్టేసేసరికి వచ్చింది. గంటయ్యగారికీ అలాంటి పరామర్శే అందింది. ఆయన గంట మోత మీద ఎవరో ఫిర్యాదు చేశారట.

శనివారం మధ్యాహ్నం పన్నెండుగురూ పెద్దయ్యగారి ముందుగదిలో చేరారు. దస్తూరీ బాగుంటుందని, డిగ్రీ చదివిందని, మినిట్స్ పుస్తకం ఎప్పుడూ అమ్మగారికే ఇస్తారు. ఆమె గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

పెద్దయ్యగారు నడుం పట్టుకుని లేచి పత్రాన్ని గంటయ్యగారి ముందుకు జరిపారు. “అన్నా, మీరు కానివ్వండి” అన్నారు.

అమ్మగారు ఆ మాటని మినిట్స్‌లో ఎక్కించింది.

గంటయ్యగారు పాము మీద కాలేసినట్టు వెనక్కి జరిగారు. “అదేంటన్నా, కుడిచెయ్యి మీదే కదా. మీ తర్వాతే నేను.”

“ఫొటో అబద్ధం చెప్తుందా అన్నా?”

“అది ఈగని తోలుతున్నప్పటిదని మీరే అన్నారుగా.”

అక్కడి నుంచి గంటసేపు ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి పెద్దరికాన్ని ఒకరు ఆకాశానికెత్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తాము దాచుకున్న సాక్ష్యాలన్నీ ఒకరికొకరు కానుకలుగా ఇచ్చేసుకున్నారు. మిగతా వాళ్ళు ఎంతో వినయంగా పైకప్పు చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒకాయనకి దారి దొరికింది. పెద్దరికం తేల్చడానికి ఒక ఉపసంఘం వేద్దాం, నెలలోపు నివేదిక ఇస్తుంది అన్నాడు. ఆ పూట అన్నిటికంటే గట్టిగా వినిపించిన ఆమెన్ దానికే.

వంటింట్లో చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది. అమ్మగారు తిరిగి చూడలేదు. చూస్తే తన చేతిరాత చెడిపోతుంది.

“రాసింది చదవమంటారా?” అని అడిగింది. చదివి ఒప్పుకోనిదే సభ ముగియదు. చదవమన్నారు.

“పెద్దయ్యగారు తాను చిన్నవాడినని సభలో ఒప్పుకున్నారు. గంటయ్యగారు కూడా తాను చిన్నవాడినని ఒప్పుకున్నారు. కనుక పెద్దరికం జాబితాలో మూడో వారైన మూలచర్చి అయ్యగారు ఈ రోజు నుంచి అందరిలోకీ పెద్ద. మహాసభలో మధ్య కుర్చీ, ముగింపు ప్రసంగం, ఊరేగింపులో ముందు నడవడం ఇక ఆయనవి.”



“ఇదెవరన్నారు?” అన్నారు పెద్దయ్యగారు.

“మీరిద్దరే అన్నారండీ. నేను లెక్క కట్టానంతే. పై రెండు మెట్లూ తీసేస్తే మూడోదే కదా పైమెట్టు?”

మూలచర్చి అయ్యగారి సంఘమంతా కలిపి ముప్ఫై మంది. ఆయన ఏ సభలోనైనా చెప్పుల పక్కనుండే కుర్చీయే చూసుకుంటారు. ఇప్పుడాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒకసారి తలుపు వైపు చూశారు, ఒకసారి వంటింటి వైపు చూశారు. లేచి నిలబడ్డారు.

“అమ్మగారూ, ఆ పెన్ను ఇలా ఇవ్వండి. చెయ్యి వణుకుతోంది. సంతకం వంకరగా వస్తే ఏమనుకోకండి.”

ఆమె పెన్ను ఇవ్వబోయింది. ఈ ఎత్తు వేసినప్పుడు ఆమె లెక్కలో ఆ మనిషి లేడు. ఆ ఇద్దరినీ ఉడికించడానికి ఆయన పేరు వాడుకుంది, అంతే. అందుకు కొంచెం సిగ్గేసింది.

“ఆగు తమ్ముడూ” అన్న మాట రెండు గొంతుల్లోంచి ఒక్కసారే వచ్చింది. పెద్దయ్యగారి నడుం నొప్పి ఎటు పోయిందో తెలియదు. బల్లకి కుడివైపు నుంచి ఆయన, ఎడమవైపు నుంచి గంటయ్యగారు వంగారు. రెండు పెన్నులూ మొదటి గీత మీద ఒకేసారి వాలాయి. ఒకరి పేరు తోక ఇంకొకరి పేరు తలలోకి దూరింది. ఆ వెనక మూలచర్చి అయ్యగారు వంకరగానే పెట్టారు. దారిచూపే గొర్రె దూకాక మందకి ఆలోచనేముంది, మిగతా తొమ్మిదీ చకచకా పడిపోయాయి.

సోమవారం జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, మొదట ఉన్నది ఒకరి పేరా ఇద్దరిదా అని అడిగారు. ముందు వరసలో ఇద్దరూ లేచారు. చిన్నపాస్టరుకి బెయిలొచ్చింది. మర్నాడు ఒక పత్రిక, బెదిరింపులకు తలవంచని పెద్దలు అని రాసింది. పెద్దయ్యగారు దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, నిజంగానే నమ్మారు.

ఆ రోజే పెద్ద ఆఫీసరు మొదటి సంతకం ఎవరిదో ఆ మనిషిని సాయంత్రంలోగా రమ్మని కబురు పెట్టాడు. ఇద్దరూ వెళ్ళారు. వరండాలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఎవరు కూర్చోవాలో తేలక మూడు గంటలు నిలబడే ఉన్నారట. లోపల ఆఫీసరు బెదిరించడం మొదలుపెడితే, ముందు నన్ను బెదిరించండి అని ఇద్దరూ పోటీపడ్డారట. ఆయన విసిగి పంపేశాడు. పైకప్పు ఫైలు మాత్రం తొమ్మిది అభ్యంతరాలతో వెనక్కి వచ్చింది. గంటయ్యగారి గంటకి నోటీసు వచ్చింది.

వాన పడిన రోజు అమ్మగారు చర్చిలో కారుతున్న చోట బేసిను పెడుతోంది. చిక్కుడుకాయలు కొనడం మానేసి నాలుగు రోజులైంది. భర్త వెనకే వచ్చి నిలబడ్డారు.

“ఇంతకీ మినిట్స్‌లో ఎవరి సంతకం ముందు పడిందని రాశావు?”

“అక్కడ ఖాళీ వదిలేశానండీ.”

“అదేంటి, నువ్వు కళ్ళారా చూశావుగా?”

“చూశాను” అంది అమ్మగారు, బేసిను కొంచెం ఎడమకి జరుపుతూ. “మళ్ళీ ఎవరినైనా పట్టుకెళ్తే ఆ ఖాళీ అవసరం పడుతుంది.”