సన్యాసమ్మ పాతిపెట్టిన మనిషి

“కాశిం గారికి చెప్పండి, మా రొయ్యల చెరువులో బాంబరు దొరికిందండీ!” అని రాముడు నాగాయలంక నుంచి ఫోన్లో అరిస్తే, నోట్లో బూతు లేకుండా ఆటోనగర్లో ఎస్టీడీ బూత్ నడిపే మాణిక్యానికి చివరి అక్షరం చేరలేదు. “బాంబంటండోయ్!” అని వీధిలోకి గెంతాడు. ఆటోనగర్ కదా, జనం ఆటోమేటిగ్గా పరిగెత్తారు. పాత లోహం కొని కరిగించే కాశిం ఒక్కడే ఎదురొచ్చి ఫోనందుకుని, “బాంబు కాదయ్యా, బాంబులేసే విమానం! ఎప్పటి యుద్ధానిదో!” అని నచ్చచెప్పాక గానీ వెల్డింగులు మళ్ళీ వెలగలేదు.

మొదటి లోడులో రెక్కలొచ్చాయి. మబ్బుల్లో తిరిగిన అల్యూమినియం కొలిమిలో కరిగి డేగిసాలై కూర్చుంది. సీటు బెల్టు ఉక్కు బకిల్ మాత్రం కరగలేదు. చూడ్డానికి బావుందని కాశిం జేబులో వేసుకున్నాడు.

రెండో లోడుకి తనే వెళ్ళాడు. అప్పటికి చెరువులో ఎముకలు బయటపడ్డాయి. విమానం తేలింది, వెనకాలే అనుమానమూ తేలింది. కూలినప్పుడు ఆ విమానంలో అయిదుగురున్నారని ఢిల్లీ నుంచొచ్చిన ఆఫీసర్లు అంటున్నారు. బురదలో నలుగురే ఉన్నారు.

“అది కూలిన ఏడు ఒడ్డుకొచ్చిన శవం ఒకటేనండి. అది మా నాన్నది” అన్నాడు రాముడు.

సముద్రంలో పోయినవాడి శవం ఒడ్డుకి చేరేదాకా ఆ ఊళ్ళో పెళ్ళాం బొట్టు చెరపరు. చేరిన రోజే గాజులు పగులుతాయి. ఆ ఏడు వేటకెళ్ళి రానివాడు సన్యాసమ్మ మొగుడొక్కడే. చేపలు తిన్న శవానికి మొహం లేదు, ఒంటి మీద చిరుగులూ నాచూ తప్ప బట్టా లేదు. మనిషి తగ్గిన ఇల్లు అదొక్కటే గనక “మీవాడే” అన్నారు పెద్దలు. కడుపుతో ఉందని సన్యాసమ్మని దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆ కడుపులోవాడే ఈ రాముడు. అప్పట్నుంచీ ఆవిడ ప్రతి అమావాస్యకీ ఆ శవాన్ని పాతిన దిబ్బ మీద చేపల పులుసు పెడుతోంది. పొద్దు కుంకాక కాసేపు కబుర్లు కూడా చెప్పొస్తుంది.

ఆఫీసర్లు అడిగితే సన్యాసమ్మ కాదనలేదు. “తవ్వుకోండయ్యా. మావోడైతే మళ్ళీ పూడ్చండి.”

తండ్రి ఎముకలు పరాయివాళ్ళు ముట్టకూడదని గోతిలోకి రాముడు దిగాడు. పార అందుకుని కాశిమూ దిగాడు. ఇసక తీస్తుంటే పక్కటెముకల దగ్గర ఉక్కు ముక్క తగిలింది. తుడిచాడు. జేబులో ఉన్న బకిల్‌కి కవల.

రాముడూ చూశాడు. “భాయ్, పైకి చెప్పమాకండి. అమ్మకి మిగిలింది ఈ గొయ్యొక్కటే.”

కాశిం గుప్పిట మూస్తే సరిపోతుంది. కానీ ఈ ఎముకలు కన్న తల్లి ఏ దేశంలోనో, ఏడవడానికి గుప్పెడు మట్టైనా లేకుండానే పోయుంటుంది. అల్లా! రెండు దుఃఖాలకి ఒకటే గొయ్యి.

“కాశిం బాబూ, గుప్పిట్లో ఏందది?” అంది గోతి గట్టు మీంచి సన్యాసమ్మ.

“ఏం లేదమ్మా, రాయి.”

“రాయైతే పారెయ్యవేం?”

ఆవిడ గట్టు మీద కూర్చుని చెయ్యి చాపింది. గుప్పిట విప్పక తప్పలేదు. ఆ ముక్కని కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, ఆఫీసరు చేతిలో పెట్టింది. “మావోడి ఒంటి మీద ఇనుప ముక్కే ఉండేది కాదు. తీసుకెళ్ళండయ్యా. నెమ్మదిగా. నా చేతి పులుసు తిన్న బిడ్డ.”

తర్వాత పక్కింటి మణెమ్మ వైపు తిరిగింది. “ఏవే, నీ కుంకుమ భరిణె తే.”

“అమా! జనం నవ్వుతారే” అన్నాడు రాముడు గోతిలోంచే.

“నవ్వనీరా.”

“ముసలిదానికి మతి పోయిందా ఏంది? ఈ వయసులో బొట్టేందంట?” అని గట్టు మీద చేరిన జనం గొణిగారు. భరిణె మాత్రం వచ్చింది. సన్యాసమ్మ నెరిసిన జుట్టు వెనక్కి తోసి, ముడతల నుదుటి మీద వేలితో తడుముకుంటూ బొట్టు పెట్టుకుంది. అది కొంచెం పక్కకి పోయింది. అప్పుడు అందరికీ వినపడేలా చెప్పింది:

“మతి పోలేదర్రా. మనమే పొరపడ్డాం. ఈయన ఆకాశంలోంచి పడ్డ దొరల బిడ్డ. మావోడనుకుని పాతాం. మా అత్త గుండెలు బాదుకుందీ, నేను గాజులు పగలగొట్టుకుందీ ఈయన కోసం. మావోడింకా ఒడ్డుకి రాలేదు.”