ఒక్కరికే సరిపోయే పక్క

"పెద్దదే తీసుకో. ఇంట్ల అందరికీ పనికొస్తది" అన్నాడు దయాకర్, ఉప్పల్ రింగ్ రోడ్డు పక్క దుకాణంలో స్లీపింగ్ బ్యాగులను వేళ్లతో ఒత్తి చూస్తూ. దోసకాయలు కొనేటప్పుడూ అలాగే ఒత్తుతాడు. చేదు మాత్రం భార్య సంతోషి కోసినప్పుడే బయటపడుతుంది.

అందరికీ పనికొచ్చేవి ఆ ఇంట్లో చాలానే ఉన్నాయి. అందులో మొదటిది తనేనని సంతోషికి ఎప్పుడో తెలిసింది. పెళ్లయి నాచారం వచ్చినప్పటి నుంచి ఆమె మంచమూ అలాంటిదే. ఆడబిడ్డ మానస పిల్లలతో వస్తే మంచం వాళ్లది, సంతోషి హాల్లో చాప మీద. దవాఖానా పని మీద చుట్టాలొస్తే హాలు కూడా వాళ్లదే, సంతోషి వంటింట్లో ఫ్రిజ్ మోత వింటూ. "జర ఆ బొంత ఇటియ్యి, పోరగాండ్లకు సలి పెడుతుంది" అని కప్పుకున్నది లాక్కుపోయిన రోజులూ ఉన్నాయి. "మా సంతోషి యాడ ఒరిగినా నిద్రపోతది" అని అత్త లక్ష్మీనర్సమ్మ నలుగురిలో మెచ్చుకునేది. డిగ్రీ పట్టా ఎవరూ అడగని ఇంట్లో ఆ ఒక్క అర్హత మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

అందుకే బోడుప్పల్‌లో ఉండే కాలేజీ స్నేహితురాలు దీప ఫోన్ చేసి, "ఆడోళ్లమే అనంతగిరి గుట్టలకు పోతున్నం, గుడారాల్ల పండుకుంటం, వస్తవానే? లోపల దూరి జిప్పు పెట్టుకునే సంచి మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె" అన్నప్పుడు, సంతోషికి గుట్ట కంటే ముందు ఆ చివరి మాట నచ్చింది. ఎవరిది వాళ్లే.

దుకాణదారు బాతు ఈకలు నింపిన సంచి ఒకటి పరిచి దాని వెచ్చదనాన్ని పొగిడాడు.

"తడిస్తే?" అడిగింది సంతోషి.

"తడవకుండా చూసుకోవాలి మేడమ్."

"ఉతకాలంటే?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. ఇంట్లో ఏది కొన్నా ఉతికేదెవరో తెలుసు కనుక సంతోషి ఈకలను పక్కన పెట్టేసింది. సింథటిక్ దూది నింపిన పల్చటిది తీసింది. అది తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది, మెషిన్‌లో వేసినా పాడవదు, దండెం మీద తొందరగా ఆరుతుంది, చుట్టి కుక్కితే చిన్న సొరకాయంత. ఎత్తి చూసింది. వారం వారం కూరగాయలు మోసే చేతికి అది బరువని చెప్పుకుంటే నవ్విపోతారు. పొట్టివాళ్ల సైజు.

"గది నీ ఒక్కదానికే సరిపోతది" అన్నాడు దయాకర్.

"అవును" అంది సంతోషి.

ప్రయాణం రేపనగా, శుక్రవారం సాయంత్రం మానస ఫోన్. పొద్దున్నే పిల్లలతో వస్తోందట.

"ఇగ నీ గుట్ట యాడికీ పోదు బిడ్డా, మళ్లా పోదువు" అంది లక్ష్మీనర్సమ్మ. "ఆడపిల్ల ఇంటికొస్తుంటే కోడలు గుట్టలెక్కుతదా?"

దయాకర్ అప్పటికే సర్దుబాటు ఆలోచించేశాడు. "మంచం మానసకు. నేను గా కొత్త సంచిల పండుకుంట హాల్ల. నువ్వు ఎట్లనో..." అని ఆపాడు. ఆ వాక్యం పూర్తి చేయాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

సంచి పరిచి దూరాడు. మోకాళ్లు దాటాయి, నడుము బతిమాలుకుని దిగింది, పొట్ట దగ్గర జిప్పు బనియన్‌ను కరిచి పట్టుకుంది. పైకీ రాదు, కిందికీ పోదు. హాలు నడుమ దయాకర్ గొంగళిపురుగులా మెదులుతుంటే లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వింది.

"నవ్వుతరేంది! జిప్పు తియ్యవే, ఊపిరాడ్తలేదు."

సంతోషి పక్కన కూర్చుంది. తను మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్లలేని స్థితిలో మొగుణ్ని చూడడం ఆమెకదే మొదటిసారి. తొందరపడదలచుకోలేదు.

"తీస్త. ముందు జర ఇను. పొద్దుగాల దీప కారొస్తది. నేను పోతున్న. నా మంచం మానసకియ్యుండ్రి, చుట్టాలొస్తే ఎట్లాగూ అది నాది కాదు."

"మరి వంట?" లక్ష్మీనర్సమ్మ కొంగు జారింది, నవ్వు ఆగింది.

సంతోషి జిప్పులో చిక్కిన బనియన్‌ను చిరగకుండా, ఓపికగా విడదీసింది. దయాకర్ బయటికి పాకాడు. ఆమె సంచిని ఒక్కసారి దులిపి, గట్టిగా చుట్టి, బ్యాగులో అడుగున పెట్టింది.

"సంచికి సైజుంటది అత్తమ్మా. వంటింటికి ఉండదు. మీ కొడుక్కు గూడ సరిపోతది."