ముందు మగపందిని చూడండి

"స్కూటరెక్కకమ్మా. ఆ కుదుపులకే నీ కడుపులో ఏదీ నిలవట్లేదు," అంది అత్తగారు, రెండు క్యారేజీలు కోడలి చేతిలో పెడుతూ. తెల్లారకముందే లేచి వండి, ఆ క్యారేజీలు సర్దింది కోడలే. చేతిలో పెట్టడం మాత్రం అత్తగారి వంతు. భర్త స్కూటర్ మీద తుర్రుమన్నాడు, ఆమె బస్సెక్కింది. ఇద్దరూ వెళ్లేది ఒకే పందుల ఫారానికి. అక్కడ ఆయన పశువుల డాక్టరు, ఆమె ఆయన కింద ల్యాబ్ టెక్నీషియన్. బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. స్కూటర్ కుదుపు చెడ్డదీ, బస్సు కుదుపు మంచిదీనా!

పెళ్లై ఎనిమిదేళ్లు. ఆమెకు ముప్పై రెండు, ఆయనకు నలభై ఆరు. ఇన్నేళ్లలో సూదులన్నీ ఆమెకే, మాత్రలన్నీ ఆమెకే, ఒకసారి కడుపుమీద కోత కూడా. సోమవారం తొమ్మిదింటికి రెండో ఆపరేషన్. "మీవారి పరీక్ష ఏదమ్మా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. ఆ మాట ఇంట్లో చెబితే ఆయన కస్సుమన్నాడు. "నాకేం రోగం? మా ఇంట్లో ఎవరికీ లేదీ లోపం." పక్కనుంచి అత్తగారు, "మగాణ్ణి అలా అడగడానికి ఆవిడకి సిగ్గు లేకపోతే, వచ్చి చెప్పడానికి నీకైనా ఉండొద్దూ?" అంది. పాపం, మొహమాటపడుతున్నాడు కాబోలు అని ఆమే సర్దిచెప్పుకుంది. ఎనిమిదేళ్లూ సర్దిచెప్పుకుంటూనే ఉంది, పిచ్చిమాలోకం!

ఆ రోజు ల్యాబులో దొరగారి నమూనా చూడాలి. దొరగారంటే ఫారంలోకెల్లా పెద్ద మగపంది. ఐదేళ్లుగా దాని వీర్యమే సగం షెడ్లకు వెళుతోంది. ఈ మధ్య ఆరు ఆడపందులకు చూలు నిలవలేదు. వాటిని కోతకు పంపేస్తానని యజమాని వచ్చి కూర్చున్నాడు. ఆమె గోరువెచ్చని స్లైడు మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూసింది. పదింట నాలుగు కణాలు ఈదుతున్నాయి, మిగతావి ఉన్నచోటే వణుకుతున్నాయి. అదే వీర్యంతో మొన్న పెట్టిన కల్చర్ ప్లేటులో ఆవాలు చల్లినట్టు బ్యాక్టీరియా. లెక్క రాసి భర్తకిచ్చింది.

ఆయన కాగితం చూసి యజమాని వైపు తిరిగాడు. "అందరూ చేసే తప్పే మీరూ చేస్తున్నారు. చూలు నిలవకపోతే ఆడదాన్ని తప్పుపట్టడమేంటండీ? ముందు మగపందిని చూడండి. వయసు మీదపడితే కణాల్లో చురుకు తగ్గుతుంది, వీర్యంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. పైకి ఎంత దిట్టంగా ఉన్నా లోపలి సంగతి స్లైడు చెబుతుంది. ఐదు నిమిషాల పరీక్షకు బద్ధకించి ఆరు ప్రాణాలు తీస్తామా?"

"బాగా చెప్పారు డాక్టరుగారూ! మరి దొరగారికి రోషం రాదూ?"

"పందికి రోషమేంటండీ!" ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంటే తెలుసన్నమాట. మొహమాటం కాదు, అమాయకత్వం కాదు, అక్షరం పొల్లుపోకుండా అంతా తెలుసు. తెలిసే తనను ఆపరేషన్ బల్ల ఎక్కించాడు, కోయించాడు, మళ్లీ కోయించబోతున్నాడు. గట్టిగా అరవాలనిపించింది. అరిచి ఎక్కడికి పోతుంది? ఉద్యోగం ఆయన కింద, ఇల్లు ఆయన పేరు మీద, తను రాసిన రిపోర్టు కింద సంతకం కూడా ఆయనదే. స్లైడ్లు కడిగింది. ఆరు ఆడపందులు మాత్రం బతికిపోయాయి. బస్సు కోసం నిలబడి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి బల్లమీద ఆపరేషన్ అంగీకార పత్రం, దాని మీద పెన్ను. "సంతకం పెట్టేసి కాస్త కాఫీ పెట్టు," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

"ఆపరేషన్ వద్దని చెప్పేశాను. తొమ్మిదింటి టైము మాత్రం అలాగే ఉంచమన్నాను, మీ పరీక్షకి, మీ పేరుమీద."

"అయ్యో, అయ్యో!" అత్తగారు నోరు నొక్కుకుంది.

పేపరు కిందపడింది. "ఏంటీ, నేను వెళ్లకపోతే?"

"వెళ్లకండి. నా ఒంటిమీద మాత్రం ఇంకో గాటు పడదు."

ఆయన మొహం కందగడ్డ అయింది. "పందితో సమానం చేస్తున్నావా నన్ను?"

"లేదండీ," అంది ఆమె. "ఆడపందులతో నన్ను సమానంగా చూడమంటున్నాను."