గుసూన్ మోకాలి తాళం

గుసూన్‌కి కొత్త కాలొచ్చాక కళ్ళు నెత్తికెక్కాయట. చావింటికి పరామర్శకెళ్ళి కూడా కూర్చోలేదట, కాఫీ ఇస్తే గోడకానుకుని నిలబడే తాగి వచ్చేసిందట. సబర్ కొండ మీద ఆమె పొరుగావిడ తఖియ్య, తన పొట్టి కాలి చెప్పు మడమ సరిచేయించుకోవడానికి కింద తాయిజ్ పట్నంలోని మా కృత్రిమ కాళ్ళ కేంద్రానికి దిగివచ్చి నా చెవిన వేసిన మాట ఇది.

గర్వం సంగతేమో గాని, నాకు ఆ కాలి మోకాలి తాళం మీద అనుమానం వచ్చింది. గుసూన్‌కి కబురు పెట్టాను.

అన్న ముక్బిల్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. అతను తెర అవతల బల్ల మీద కూర్చున్నాడు. మందుపాతర తీసుకున్న ఎడమకాలి చోట నేను అమర్చింది తాళం మోకాలు. కాలు నిటారు చేయగానే టక్కున బిగుసుకుంటుంది, కొండదారిలో మడతపడి పడేయదు. కూర్చోవాలంటే తొడ పక్కనున్న తాడు లాగాలి.

"తాడు తెగిందా అక్కా?"

"తెగలేదు. అది అందాలంటే గౌను తొడదాకా ఎత్తాలి. నలుగురిలో నువ్వైతే ఎత్తుతావా, ఇబ్తిహాజ్?"

మగవాళ్ళకు ఈ తాడు కట్టీ కట్టీ, నా చెయ్యి అలవాటుగా దాన్ని తొడ దగ్గరే ఆపేసింది. పొడుగు తాడు వేసి నడుం దాకా తెచ్చాను, కొసని గౌను జేబులోకి దూర్చాను. జేబులో చెయ్యి పెట్టి లాగి కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుని నవ్వింది.

"అయిందా? ఇక ఇంటిపట్టున హాయిగా కూర్చోవచ్చు," అన్నాడు తెర అవతల ముక్బిల్.

"నేను తందూరు దగ్గర నిలబడాలి," అంది గుసూన్ నాతో, గొంతు తగ్గించి. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె బతుకు ఆ తందూరే. బజారుకి రొట్టె ఆమెదే. కాలు పోయాక, నిప్పుల్లో పడతావంటూ అన్న దాన్ని తన పెళ్ళానికి అప్పజెప్పాడు.

ఖాళీ పీపా తెచ్చి ముందు పెట్టాను. "ఇదే తందూరు. రొట్టె అతికించు."

వంగింది. టక్. మోకాలు మడతపడి నా మీద కూలింది. చంకల కింద చేతులు ముందే వేసి ఉంచాను గనుక సరిపోయింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు ముక్బిల్.

"నా నడుం అన్నా. దానికీ వయసొచ్చింది," అన్నాను.

వంగినప్పుడు తాడు దానంతటదే లాగబడుతోంది. నిలబడ్డ ఒంటికి కొలిచాను, పని చేసే ఒంటికి కొలవలేదు. కాస్త వదులు చేశాను. మరీ వదులైతే లాగినా తాళం తెరుచుకోదు. గింజంత బిగించడం, ఆమె పీపాలోకి వంగి లేని రొట్టె అతికించడం, మళ్ళీ గింజంత సడలించడం. చివరికి ఆమె భుజాల మీద నా బరువంతా వేసి వేలాడినా మోకాలు కదల్లేదు. జేబులో తాడు లాగితే మాత్రం వెన్నలా వంగింది.

తెర తీశాను. "అన్నా, ఇక ఈ కాలికి నాదే పూచీ. తందూరు ఇచ్చేయ్."

ముక్బిల్ గడ్డం గోక్కున్నాడు. "కాలు సరేలేమ్మా. వదిన చేతిలోది లాక్కుంటే బాగుంటుందా? అదీ రొట్టెలు బాగానే కాలుస్తోంది."

గుసూన్ తలగుడ్డ సర్దుకుంది.

"ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా ఉన్న రొట్టె, నువ్వు మొగుడివి గనక తింటున్నావు. బజారు దానికి మొగుడు కాదు."