నాలుగు సిలిండర్లూ, నలభై నిమిషాలూ

నేను ఒక నాలుగు సిలిండర్ల మోటారు సైకిల్ని. రంగు ఎరుపు, బరువు రెండువందల ఇరవై కిలోలు. ఈ మాట వినగానే మీలో కొందరికి నోరూరుతుందని నాకు తెలుసు. ఊరనివ్వండి. ఆ తరవాత కథంతా నేను పడ్డాను కాబట్టి చెప్పే హక్కు నాది.

పుట్టింది పరాయి దేశంలో. నన్ను తయారుచేసినవాళ్లు మాత్రం తెలివైనవాళ్లే. నాలుగు పిస్టన్లను పక్కపక్కన పేర్చి, రెండు పైకి పోతుంటే రెండు కిందికి వచ్చేలా అమర్చి, నడిపేవాడి చేతికి వణుకు తెలియకుండా చేశారు. ఇంజను నిమిషానికి ఎనిమిది వేలసార్లు తిరిగాక గానీ నా బలం బయటపడదు. పన్నెండు వేల దాకా పెరుగుతూనే ఉంటుంది. అంతకు దిగువన నేను బద్ధకస్తుణ్ణి. ఈ సంగతి వాళ్లు దాచలేదు. బొమ్మ గీసి, అంకెలు వేసి, పుస్తకంగా అచ్చొత్తి నాతో పాటే పంపారు. అయితే నేను వచ్చిపడిన ఊళ్లో మోటారు సైకిలు కొనేవాళ్లు పుస్తకాలు చదవరు.

ఆ ఊరు విజయవాడ. కొన్నవాడు గుడిమెట్ల రవీంద్రనాథ్. వన్ టౌన్‌లో టైల్సూ, బాత్‌రూమ్ సామానూ అమ్మే కొట్టు ఆయనది. నలభై ఆరేళ్లు. షోరూములో ఆయన నన్ను చూడలేదు, విన్నాడంతే. అమ్మేవాడు నన్ను నిలబెట్టి ఆక్సిలేటరు తిప్పితే కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, "చాలు, బిల్లు రాయండి" అన్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల పాట విని తల ఊపినవాడు కూడా ఇంటికెళ్లి ఒక రోజు ఆలోచిస్తాడు.

పటమటలో ఆయన ఇంటినుంచి కొట్టుకి ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లలో పదకొండు చోట్ల ఆగాలి. బెంజి సర్కిల్లో ఆటోలకూ, సిటీ బస్సుకీ మధ్య మొదటి గేరులో అరికాళ్లు నేలకి రాసుకుంటూ ఆయన నన్ను నెట్టుకుపోయేవాడు. ఇంజను మూడు వేలు దాటేది కాదు. నాలుగు సిలిండర్ల వేడీ ఆయన తొడలకే తగిలేది. నా ఫ్యాను పిచ్చిపట్టినట్టు తిరిగి ఆ వేడిగాలిని కూడా ఆయన మీదకే ఊదేది. మే నెలకల్లా లోపలివైపు తొడలు కమిలిపోయాయి. చెమటకాయలని ఇంట్లో చెప్పి పౌడరు రాసుకున్నాడు. ఆయన భార్య హైమవతి మర్నాడు పొద్దున్న కాలిన గాయాలకి రాసే మందు తెచ్చి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారాలు వేరు. నాలాంటి బళ్లున్న పెద్దమనుషులు ఏడుగురు తెల్లారకముందే పోగై, హైవే మీద పదిహేను కిలోమీటర్లు పోయి, ఇడ్లీ తిని వెనక్కి వచ్చేవాళ్లు. దాన్ని రైడింగ్ అనేవాళ్లు. ఇడ్లీ తింటూ బండి వంద వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందో మాట్లాడుకునేవాళ్లు. ఆ ఏడుగురిలో ఒక్కడు కూడా సెకన్లు మిగిలితే చేసుకునే పని ఉన్నవాడు కాడు.

పని ఉన్నది హైమవతికే. ఆమె ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్ ఇంజనీరు. పామర్రు అవతల కాలవలూ, తూములూ ఆమె బాధ్యత. రోజూ పోను యాభై, రాను యాభై. ఆ పనికోసం మూడేళ్ల కిందట తన జీతంతో రెండు సిలిండర్ల బండి కొనుక్కుంది. మూడువందల సీసీ, బూడిదరంగు. షెడ్డులో నా పక్కనే ఉండేది. ముందు నేను దాన్ని లెక్కచెయ్యలేదు. సన్నగా, ఎత్తుగా, మడ్‌గార్డు నిండా నల్లమట్టితో ఉండేది. స్టార్టు చేస్తే టకటకమనేది. హైవే మీద వంద దాటితే హ్యాండిల్లో సన్నగా వణుకు. కానీ దానిలో ఒక గుణం ఉంది, ఒప్పుకోక తప్పదు. రెండే పిస్టన్లు, పొట్టి గేర్లు కాబట్టి రెండు వేల దగ్గరే లాగుతుంది. బురదలో, గతుకుల్లో, గేదెల మంద వెనక, రెండో గేరులో గునగునా పోతుంది. లీటరుకి నాకంటే పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది. దాని ప్లగ్గులు వీధి చివర మెకానిక్కు అరగంటలో మారుస్తాడు. నాకు ప్లగ్గులు మార్చాలంటే టాంకు విప్పాలి, విప్పేవాడు హైదరాబాదునుంచి రావాలి.

రవీంద్రనాథ్ స్నేహితుల ముందు దాన్ని కుట్టుమిషనని ఎగతాళి చేసేవాడు. నాలుగు సిలిండర్లంటే ఏనుగనీ, రెండంటే గాడిదనీ ఒక రోజు వాళ్లకి వివరిస్తున్నాడు. హైమవతి హెల్మెట్టు తగిలించుకుంటూ, "ఏనుగునేసుకుని ఆఫీసుకి ఎవరెళ్తారండీ?" అని అడిగి వెళ్లిపోయింది. స్నేహితులు నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ, ఆ మాట ఆయనలో ముల్లులా ఉండిపోయింది. భార్య ముందు ఒక్కసారైనా నా గొప్ప చూపించాలని కాచుకుని కూర్చున్నాడు.

ఆ అవకాశం ఆగస్టులో ఒక ఆదివారం వచ్చింది. మూడు రోజులుగా వాన. పొద్దున్న ఏడింటికి హైమవతికి పెదమద్దులూరు నుంచి ఫోను. చేసింది లస్కరు ఏసుపాదం. లస్కరంటే కాలవ కాపలాదారు. తూములెత్తేదీ, దించేదీ అతనే. ముప్పై ఏళ్లుగా ఆ గట్టు మీదే ఉన్నాడు. కాలవలో నీళ్లు గట్టు అంచుకి జానెడు దూరంలో ఉన్నాయనీ, మిగులు తూము ఎత్తి నీటిని మురుగుకాలవలోకి వదలకపోతే గండి పడుతుందనీ చెప్పాడు. పై రైతులకీ, కింది రైతులకీ తగవులై ఆ తూము చక్రానికి గొలుసేసి తాళం పెట్టించారు. తాళం చెవి హైమవతి సంచీలో ఉంది.

ఆమె వానకోటు తొడుక్కుని బూడిదరంగు బండి తాళం తీసేసరికి రవీంద్రనాథ్ అడ్డంగా నిలబడ్డాడు.

"నీ బండికి గంటంబావు పడుద్ది హైమా. నేను నలభై నిమిషాల్లో దింపుతా."

ఆమె గడియారం వైపు చూసింది. ఒక్క క్షణం తన బండి వైపు చూసింది. తరవాత నా వెనక సీటు ఎక్కింది.

బందరు రోడ్డు మీద ఆ పొద్దున నేను బతికాను. రోడ్డు ఖాళీ. నాలుగు సిలిండర్లూ గొంతు విప్పాయి. తొమ్మిది వేలు, పది వేలు. వాన సూదుల్లా తగులుతోంది. రవీంద్రనాథ్ భయపడ్డాడు, భయపడుతూనే నవ్వాడు. ఇంత బలం పెట్టి నన్నెందుకు చేశారో ఆ ఇరవై అయిదు నిమిషాలు నాకు అర్థమైంది. పామర్రు దాటి కాలవ గట్టు మొదట్లో ఆగేసరికి ముప్పై రెండు నిమిషాలు. ఆయన వెనక్కి తిరిగి గడియారం చూపించాడు. ఆమె గట్టు వైపు చూస్తోంది.

గట్టు మీద ఆరు కిలోమీటర్లు పోవాలి. నల్లరేగడి, మూడు రోజుల వాన. నా టైర్లు తారురోడ్డుకి చేసినవి, వెడల్పుగా, నున్నగా. మొదటి గేరు నాకు పొడుగు. నెమ్మదిగా పోవాలంటే క్లచ్చు సగం పట్టుకోవాలి. వదిలితే ఇంజను ఆగిపోతుంది, తిప్పితే వెనక చక్రం పక్కకి జారుతుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య మట్టి గట్టిగా పట్టేసింది. రెండు కిలోమీటర్లకి అరగంట పట్టింది. క్లచ్చు ప్లేట్లు కాలి వాసన మొదలైంది. ఆయన కంగారుపడి ఒక్కసారి గట్టిగా తిప్పాడు. నేను అడ్డం తిరిగి కూలబడ్డాను. ఇద్దరూ బురదలో పడ్డారు. దెబ్బలు తగల్లేదు. ఇద్దరూ కలిసి లేపబోయారు. రెండువందల ఇరవై కిలోలు లేవలేదు.

హైమవతి సంచీ తీసుకుని లేచింది. ఆయన వైపు చూసి, "నేనెక్కాను గదా" అంది. అంతే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచింది. ఆ గట్టు మీద అంతకంటే పెద్ద వానలో ఆమె బూడిదరంగు బండి ఎన్నోసార్లు వెళ్లొచ్చింది.

ఆమె వెళ్లేసరికి తూము ఎత్తేసి ఉందట, తరవాత షెడ్డులో విన్నాను. నీళ్లు హోరున మురుగుకాలవలో పడుతున్నాయి. ఏసుపాదం గట్టు మీద కూర్చుని కుడిచేతిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. గట్టుకి చెమ్మ ఊరడం చూసి ఇక ఆగలేక గునపంతో గొలుసు తెంచాడు. తుప్పుపట్టిన చక్రం ముందు కదల్లేదు. కదిలాక ఒక్కసారిగా గిర్రున వెనక్కి తిరిగింది. రెండు వేళ్లు నలిగిపోయాయి, అయినా ఎడమచేత్తో తిప్పి తూమెత్తాడు. రెండువందల ఎకరాల నాటు నిలిచింది. ఆసుపత్రిలో ఆ రెండు వేళ్లూ తీసేశారు.

అయినా ఏసుపాదానికి అసలు చిక్కు ఆ తరవాతే. తాళం వేసిన ప్రభుత్వ తూమును గునపంతో పగలగొట్టినందుకు సంజాయిషీ అడుగుతారు. హైమవతి రిపోర్టులో, గొలుసు తెంచమని ఫోనులో తానే ఆదేశం ఇచ్చానని రాసింది. అది అబద్ధం. ఆ షెడ్డులో నేను విన్న అబద్ధాలన్నిటిలోకీ చెప్పిన మనిషికే నష్టం తెచ్చినది అదొక్కటే. ఆమె ఇంక్రిమెంటు ఒకటి ఆగిపోయింది.

రవీంద్రనాథ్ మాత్రం స్నేహితులకి రోడ్డు బాగాలేదని చెప్పాడు. నా టైర్ల సంగతి చెప్పాడు, వాన సంగతి చెప్పాడు. బందరు రోడ్డు మీద ముప్పై రెండు నిమిషాల సంగతి రెండుసార్లు చెప్పాడు. ఏసుపాదం పేరు ఎత్తలేదు.

పదిరోజుల తరవాత ఆసుపత్రికి పండ్లు పట్టుకెళ్లాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు. తిరిగొచ్చి షెడ్డులో నా సీటు మీద చెయ్యి ఆనించి హైమవతికి చెబుతుంటే విన్నాను. ఏసుపాదం లేచి కూర్చుని, కట్టు ఉన్న చేత్తోనే దణ్ణం పెట్టి, కుశలమడిగాడట. బురదలో పడ్డారంట గదా, దెబ్బలేం తగల్లేదు గదా అన్నాడట. తరవాత సరదాగా అడిగాడట.

"బాబుగారూ, ఆ ఎర్రబండి ఎంత స్పీడు పోద్దండీ?"

"మీరేం చెప్పారు?" అని అడిగింది హైమవతి.

"తెలీదన్నాను," అన్నాడు రవీంద్రనాథ్. నా సీటు మీద ఆయన చెయ్యి చెమ్మగా ఉంది. ఆయన ఏడుస్తున్నాడని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నా మీద కూర్చుని ఆయన చాలాసార్లు మురిశాడు, ఒకసారి భయపడ్డాడు, ఏడవడం అదే మొదలు.

ఆ ఆదివారం ఇడ్లీ హోటల్లో, ఏడుగురి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాళ్లు టైర్లు మార్చి ఉంటే సరిపోయేదన్నారు. ఆయన ఇడ్లీ వదిలేసి లేచి వచ్చేశాడు. అంతకు రెండు వారాల ముందే చెప్పి ఉండొచ్చు. మనుషులు నిజం చెప్పేటప్పుడు కూడా ముహూర్తం చూసుకుంటారు.

తరవాత భార్యని అడిగి బూడిదరంగు బండి తాళం తీసుకున్నాడు. వారానికి రెండుసార్లు, ఆమె సెలవు రోజుల్లో, పెదమద్దులూరు వెళ్లి ఏసుపాదాన్ని వెనక కూర్చోబెట్టుకుని కట్టు మార్పించడానికి తీసుకెళ్లేవాడు. పన్నెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి మోకాళ్ల దాకా మట్టితో తిరిగొచ్చి, "ఈ గట్టు మీద రోజూ ఎట్టా తిరుగుతున్నావు?" అని అడిగాడు. "రెండో గేర్లో," అంది ఆమె.

నా మీద కవరు కప్పారు. ఆరు నెలల తరవాత అమ్మేశారు.

కొన్నవాడు తెనాలిలో ఒక కాంట్రాక్టరు గారి అబ్బాయి. రవీంద్రనాథ్ గురించి నేను చెప్పిన చెడ్డమాటలన్నీ వాడి పక్కన పెడితే పొగడ్తలు. కొన్న రోజే నా సైలెన్సరు పీకించాడు. వాడికి నేను ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, అరిస్తే చాలు. కూడళ్లలో ఆపి అరిపించేవాడు. కాలేజీ గేటు ముందు అరిపించేవాడు. చివరికి ఒక సాయంత్రం స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో, డప్పులవాళ్ల పక్కన స్టాండు వేసి, న్యూట్రల్లో ఆక్సిలేటరు చివరిదాకా తిప్పి పట్టుకున్నాడు. చుట్టూ ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. గాలి ఆడక, నూనె పలచబడి, పన్నెండు వేల దగ్గర మూడో పిస్టను పట్టేసింది. నా బలమంతా బయటికి వచ్చిన ఆ రోజున నేను ఒక్క అంగుళం కూడా కదల్లేదు. పెళ్లికొడుకు మీద నూనె చిందిందని వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు.

ఆటోనగర్లో పాతసామాను కొట్టులో ఎనిమిది నెలలున్నాను. అద్దాలు ఒకరు, సీటు ఒకరు, ముందు చక్రం ఒకరు పట్టుకుపోయారు. ఇంజను ఎవరికీ అక్కర్లేకపోయింది. నా విడిభాగాలకయ్యే ఖర్చుతో చిన్న స్కూటరు వస్తుందని కొట్టువాడు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

అప్పుడొక ఇంజనీరింగ్ కాలేజీ మాస్టారు బస్సు దిగి, గొడుగు పట్టుకుని వచ్చాడు. ఇంజను పని చేస్తుందా అని అడగలేదు. లోపల ఎన్ని పిస్టన్లున్నాయో, అన్నీ ఉన్నాయో లేవో అడిగాడు. పట్టుకుపోయి నన్ను నిలువునా కోశారు. కోసిన అంచులకి పసుపు రంగు వేశారు. చిన్న కరెంటు మోటారు తగిలించి ఇనుప బల్ల మీద పెట్టారు. మీట నొక్కితే నా నాలుగు పిస్టన్లు నిమిషానికి ముప్పైసార్లు, చప్పుడు లేకుండా పైకీ కిందికీ కదులుతాయి. పక్క బల్ల మీద ఏదో రెండు సిలిండర్ల ఇంజను, అదీ కోసినదే, అలాగే కదులుతుంది. పిల్లలు అటూ ఇటూ చూసి బొమ్మలు వేసుకుంటారు.

మొన్న ఒక అమ్మాయి మాస్టారిని అడిగింది. "సార్, రోజూ తిరగడానికి రెండు సిలిండర్లది మంచిదా, నాలుగు సిలిండర్లదా?"

"రోజూ ఎక్కడికి తిరుగుతావమ్మా?" అన్నాడాయన.

ఆ అమ్మాయి ఆలోచనలో పడింది. ఆయన తొందరపెట్టలేదు. మీట ఆపి, నా మీద గుడ్డ కప్పకుండా, జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో, ఇన్ని చేతుల్లో, బండి కంటే ముందు దారి గురించి అడిగిన మనిషిని చూడడం నాకదే మొదటిసారి. అప్పటికే నాకు చక్రాలు లేవు.