ముసుగు కింద పుండు

వెల్డింగ్ మేస్త్రి ముక్కు పక్కన, కంటి కొసకు దగ్గరగా, కందిగింజంత పుండు లేచింది. పైన చెక్కు కట్టడం, మొహం కడుక్కునేటప్పుడు అది ఊడి కాస్త నెత్తురు రావడం, మళ్లీ చెక్కు కట్టడం, ఇదే వరస. ఎవరడిగినా నిప్పురవ్వ పడిందనేవాడు. ఆ షెడ్డులో రవ్వ మచ్చ లేని ఒళ్లు లేదు కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. కాలినదానికి ఇంత మందు పూసుకుని పనిలో పడటమే అక్కడి వైద్యం.

భార్య మాత్రం వదల్లేదు. డాక్టరుకు చూపించమని పోరింది. గేటు పని కానీ అన్నాడు, మెట్ల పని కానీ అన్నాడు. అసలు సంగతేమిటంటే మనిషికి లోపల భయం పట్టుకుంది. తలగడ మీద నెత్తుటి చుక్క కనిపిస్తే గబుక్కున తలగడ తిప్పేసేవాడు. డాక్టరు నోట క్యాన్సరన్న మాట వినకపోతే రోగం తనంతట తనే పోతుందని ఆయనగారి లెక్క.

ఒకరోజు ఆమె అన్నం తెచ్చేసరికి, ముసుగు లేకుండా పనిచేస్తున్న పనివాణ్ని మేస్త్రి చెడామడా తిడుతున్నాడు. ఇన్నేళ్లలో తను ముసుగు దించకుండా ఒక్క అతుకు వెయ్యలేదని, ఒక్క రవ్వ కూడా తన మొహాన్ని తాకలేదని గొప్పలు పోయాడు.

ఆమె క్యారేజీ కింద పెట్టింది. "మరి ఆ ముక్కు పక్కన పడ్డ రవ్వ ఎక్కణ్ణుంచొచ్చిందండీ?"

ఆరు నెలలుగా అందరికీ చెప్పిన అబద్ధాన్ని అతను తన నోటితోనే బయటపెట్టుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు భార్య అతన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఎన్నాళ్లైందని డాక్టరమ్మ అడిగితే ఈమధ్యేనని నసిగాడు. భార్య ఆరు నెలలని సరిదిద్దింది. మొహం మీద పుండు నెలలోపు మానకపోయినా, మానినట్టే మాని మళ్లీ రేగినా వెంటనే చూపించుకోవాలని డాక్టరమ్మ మందలించి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా అతనికి కంటిమీద కునుకు లేదు.

"క్యాన్సరే," అంది డాక్టరమ్మ, మళ్లీ వెళ్లినప్పుడు. "మెల్లగా పెరిగే రకం, ప్రాణం మీదికి రావడం అరుదు. కానీ కంటివైపు పాకుతోంది. వచ్చే వారం కోసి తీసేద్దాం."

మేస్త్రి కుర్చీలోంచి లేవలేదు. "వారమెందుకమ్మా? ఇప్పుడే తీసెయ్యండి," అన్నాడు.

ఇవాళ కుదరదని ఆమె చెప్పింది. ఆరు నెలలు తాపీగా తిరిగినవాడికి ఆ వారం గడవడం గగనమైపోయింది. రోజూ తెల్లవారకుండానే భార్యను తట్టి లేపి, "చూడవే, కంటిదాకా వచ్చిందా?" అని అడిగేవాడు.